వేళ్ల సందులో దురద: ట్యూబు కొనేముందు పేరు చదవండి

(చర్మవైద్యురాలి జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కాళ్ల గురించే. వానలు పడి, ఉభాలు (వరినాట్లు) మొదలయ్యాయంటే మాకిది మామూలే. నేను పర్లాకిమిడిలో చర్మవైద్యం చేస్తాను. అటు పాతపట్నం, మెళియాపుట్టి నుంచి, ఇటు కాశీనగరం, గుణుపురం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లు మొహం మీద మచ్చనైతే వెంటనే చూపిస్తారు. కాలు చూపించాలంటే మాత్రం మొహమాటం. "చిన్నదే డాక్టరమ్మా, ఎలాగూ వచ్చాను కదా అని చూపిస్తున్నా" అంటూ లేచి వెళ్లే ముందు చెప్పు విప్పుతారు. ఆ చివరి నిమిషంలో చూపించినదానితోనే జ్వరాలొచ్చి ఆసుపత్రిలో పడుకున్నవాళ్లను చూశాను కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తం కాళ్లకే ఇస్తున్నాను. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మావారు పేపరు మిల్లులో పనిచేస్తారు. షిఫ్టంతా సేఫ్టీ బూట్లలోనే ఉండాలి. ఎడమకాలి చిటికెనవేలు సందులో తెల్లగా నాని, తోలు ఊడుతోంది. బూటు విప్పితే వాసన. తెలిసినవాళ్లు చెబితే యాంటీబయాటిక్ మాత్రలు వేసుకున్నారు, తగ్గలేదు. ఇప్పుడు కుడికాలికీ వచ్చింది. కుడి అరచెయ్యి పొడిబారి పొలుసులు లేస్తోంది. గజ్జల్లో కూడా దురద అంటున్నారు. నాకూ పిల్లలకూ అంటుకుంటుందా? – ఒక పాఠకురాలు, రాయగడ

అమ్మా, మీరు చాలా వివరంగా రాశారు. అరచెయ్యి గురించి రాసిన వాక్యం నాకు మరీ ఉపయోగపడింది. రెండు కాళ్లూ, ఒక్క చెయ్యి. ఇలా కనబడితే మేము ముందుగా అనుమానించేది ఫంగస్‌నే. ఏ చేత్తో కాలు గోక్కుంటారో సాధారణంగా ఆ చేతికే వస్తుంది. మీవారిది కుడిచేతి వాటం అయ్యుంటుంది.

ఈ ఫంగస్ చర్మం పైపొరలో ఉండే కెరటిన్ అనే పదార్థాన్ని తిని బతుకుతుంది. గోళ్లలోనూ వెంట్రుకల్లోనూ ఉండేది అదే, అందుకే అక్కడికీ పాకుతుంది. దానికి చెమ్మ, వెచ్చదనం ఉండి, గాలి ఆడకపోతే చాలు. చిటికెనవేలూ దాని పక్కవేలూ ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉంటాయి, పాదంలో అన్నిటికన్నా ఇరుకైన సందు అదే. షిఫ్టంతా బూటులో ఉన్న కాలికి చెమట ఆరే దారి ఉండదు. అందుకే ఎక్కువమందికి అక్కడే మొదలవుతుంది. యాంటీబయాటిక్ బాక్టీరియా మీద పనిచేసే మందు, ఫంగస్‌ను అదేమీ చెయ్యదు. మాత్రలు పనిచెయ్యలేదంటే జబ్బు మొండిదని కాదు, మందు దానిది కాదు.

ఒక్క వేలిసందులో మాత్రమే ఉంటే పూతమందు చాలు. టెర్బినాఫిన్ 1 శాతం క్రీము రెండుపూటలా వారం నుంచి రెండు వారాలు, లేదా లులికొనజోల్ 1 శాతం క్రీము రోజుకొకసారి రెండు వారాలు, లేదా క్లోట్రిమజోల్ 1 శాతం క్రీము రెండుపూటలా నాలుగు వారాలు. మూడింట్లో ఏదో ఒకటి, మూడూ కాదు. క్లోట్రిమజోల్ చవక, అన్నిచోట్లా దొరుకుతుంది. ఓపికగా పూర్తి కాలం వాడితే అదే సరిపోతుంది. కానీ మీవారికి కాళ్లు, చెయ్యి, గజ్జలు, ఇన్నిచోట్ల ఉంది. దీనికి మాత్రలు అవసరమయ్యేలా ఉంది. అవి డాక్టరు చూసి రాయాల్సినవి. లివరు సంగతి, గుండె సంగతి, ఆయన ఇప్పటికే వాడుతున్న మందుల సంగతి అన్నీ తెలుసుకునే రాయాలి. ఆలస్యం చెయ్యకుండా చూపించండి.

ఇంట్లో మీరు చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. రెండు జతల బూట్లు పెట్టుకుని రోజు మార్చి రోజు వేసుకోమనండి. విడిచిన జతలో లోపలి అట్ట తీసి ఎండలో పెట్టండి. సాక్సు ఇంకో జత సంచిలో పెట్టి పంపండి, భోజనాల వేళ మార్చుకుంటారు. విడిచిన సాక్సును బాగా మరిగిన నీళ్లలో నానబెట్టి ఉతకండి, చన్నీళ్లలో జాడిస్తే ఫంగస్ బీజాలు చావవు. బట్టలు వేసుకునేటప్పుడు ముందు సాక్సు, తర్వాత లోదుస్తులు వేసుకోమనండి. వట్టి కాలిని లోదుస్తుల్లోంచి దూర్చినప్పుడే పాదంలోని ఫంగస్ గజ్జలకు చేరుతుంది. ఈ ఒక్క మాట ఎవరూ చెప్పరు, నేను ప్రతి బూట్ల పనివాడికీ చెబుతాను.

అంటుకుంటుందా అంటే, అంటుకుంటుంది. తువ్వాలు, చెప్పులు, తడి బాత్‌రూము గచ్చు ద్వారా. ఆయన తువ్వాలు వేరుగా ఉంచండి. పక్కన కూర్చుంటేనో, కలిసి భోంచేస్తేనో అంటదు. ఆయన్ని దూరం పెట్టాల్సిన పనిలేదు.

ప్రశ్న: డిగ్రీ చదువుతున్నాను. పోలీసు ఉద్యోగం కోసం రోజూ తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు. ఏడాది కిందట కాలివేళ్ల మధ్య దురద వస్తే మెడికల్ షాపులో ట్యూబు ఇచ్చారు. మూడు రోజుల్లో మాయమైంది. ఆపిన వారానికే మళ్లీ వచ్చింది. మళ్లీ పూశాను. ఇలా ఏడాదిగా జరుగుతోంది. ఇప్పుడు పాదం పైన గుండ్రంగా వలయాలు, తొడల లోపలివైపు కూడా వచ్చింది. అక్కడ ఎర్రటి చారలు పడ్డాయి. ట్యూబు ఫొటో పంపుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక పాఠకుడు, కాశీనగరం

బాబూ, ఫొటో పెద్దది చేసి చదివాను. క్లోబెటసాల్, నియోమైసిన్, మైకొనజోల్ అని ఉంది. ఒకే ట్యూబులో మూడు మందులు. చివరిది ఫంగస్‌కు, మధ్యది బాక్టీరియాకు. మొదటిది స్టెరాయిడ్, అందులోనూ పూత స్టెరాయిడ్లలో చాలా బలమైనది. నీ బాధంతా ఆ మొదటి పేరుతోనే వచ్చింది.

దురద, ఎరుపు, వాపు అనేవి ఫంగస్ మీద మన ఒళ్లు చేసే పోరాటం. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపేస్తుంది. దురద పోతుంది, ఎరుపు పోతుంది, నువ్వు తగ్గిపోయిందనుకుంటావు. ఫంగస్‌కు మాత్రం ఎదురు లేకుండా పోతుంది. ట్యూబు ఆపగానే ఒళ్లు మళ్లీ మేలుకుంటుంది, దురద రెట్టింపై వస్తుంది. మళ్లీ అదే ట్యూబు. ఇలా పూసినకొద్దీ వలయం అంచులు చెరిగిపోయి, అది ఏ జబ్బో డాక్టరు కూడా పోల్చుకోలేని రూపానికి వస్తుంది. తొడల మీద చారలు స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడి పడినవి. వాటి రంగు కాలం గడిచేకొద్దీ వెలుస్తుంది కానీ, గీతలు పూర్తిగా పోవు. నీకు అబద్ధం చెప్పలేను.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా "దురదకు ఏదైనా ఇవ్వండి" అంటే అల్మరాలోంచి చెయ్యి ముందుగా తీసేది ఇలాంటి ట్యూబునే. కొన్నవాడికి మూడు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి ఆ షాపు మీద నమ్మకం పెరుగుతుంది. ఒకరు కొన్న ట్యూబు ఇంటిల్లిపాదీ పూసుకుంటారు. మన దేశంలో ఫంగస్ ఇంత మొండిగా తయారవడానికి ఈ ట్యూబులు పెద్ద కారణమని చర్మవైద్యులందరం మొత్తుకుంటున్నాం.

అందుకే పాఠకులందరికీ నా విన్నపం ఒకటి. ట్యూబు చేతికి తీసుకోగానే బ్రాండు పేరు వదిలేయండి. దాని కింద చిన్న అక్షరాలతో మందుల పేర్లుంటాయి, వెనక్కి తిప్పి అవి చదవండి. చదవలేకపోతే బడికెళ్లే పిల్లల చేత చదివించండి. పేరు చివర "సోన్" అని గానీ "సాల్" అని గానీ వస్తే (బీటామెథసోన్, మొమెటసోన్, బెక్లోమెథసోన్, క్లోబెటసాల్, హాలోబెటసాల్) అది స్టెరాయిడ్. ఫంగస్‌కు సొంతంగా కొని పూసుకోవలసినది కాదు. ఒకే ఒక్క మందు పేరున్న ట్యూబు అడగండి. ఎగ్జిమాలాంటి జబ్బులకు స్టెరాయిడ్ మంచి మందే, నేనూ రాస్తాను. జబ్బు ఏదో తేలాక, ఎన్ని రోజులో చెప్పి రాస్తాను.

ఇక నీ సంగతి. ఆ ట్యూబు ఇవాళే ఆపెయ్యి. ఆపాక కొద్దిరోజులు దురద, ఎరుపు ఎక్కువవుతాయి. కంగారుపడి మళ్లీ దాని దగ్గరికి వెళ్లకు. దురదకు సిట్రిజిన్ మాత్ర రాత్రిపూట వేసుకోవచ్చు. నీకు నోటి మాత్రలు తప్పవు. ఇక్కడ ఒక కొత్త సమస్య ఉంది. 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టిన ఒక ఫంగస్ మన దేశంలో బాగా వ్యాపించింది. ఎక్కువగా గజ్జల్లో, ఒంటి మీద వస్తుంది. ఇందులో చాలావాటికి టెర్బినాఫిన్ లొంగడం లేదు. అలాంటప్పుడు ఇట్రాకొనజోల్ రాస్తాం, వారాల తరబడి వాడాల్సి రావచ్చు. ఏది వాడాలో నిన్ను చూసిన డాక్టరు నిర్ణయిస్తారు. స్నేహితుడికి రాసిన మాత్రలు నువ్వు వేసుకోకు. పరుగు మానక్కరలేదు. పరిగెత్తి రాగానే తడి సాక్సు విప్పేసి, కాళ్లు కడిగి తుడుచుకో. ఆ ట్యూబు ఖాళీ అట్టపెట్టె పారెయ్యకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు, ఏం వాడావో చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ప్రశ్న: మేము రోజూ ఉభాలకు వెళ్తాం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మడిలోనే. కాలివేళ్ల సందులన్నీ ఒరుసుకుపోయి మంట. మా అత్తగారు గోరింటాకు నూరి పెట్టమంటారు. మా ఆయన కిరసనాయిలు రాయమంటాడు. ఏది మంచిది? ఇది కూడా ఫంగస్సేనా? – ఒక పాఠకురాలు, గుణుపురం దగ్గరి పల్లె

మీ అత్తగారి మాట కొంతవరకు వినండి. మీ ఆయన మాట వద్దు.

నాట్లు వేసేవాళ్లకు వచ్చేదంతా ఫంగస్ కాదు. రోజంతా బురదనీళ్లలో నానితే చర్మం తెల్లగా ఉబ్బి మెత్తబడుతుంది, వేళ్లు రాసుకుని పొర లేస్తుంది. ఇది రెండు కాళ్లకూ, అన్ని సందులకూ ఒకేసారి వస్తుంది. దురదకన్నా మంట ఎక్కువ. రెండు మూడు రోజులు నీళ్లలో దిగకపోతే దానంతటదే మానుతుంది. ఫంగస్ అలా కాదు. సాధారణంగా ఒక కాలిలో, చిటికెనవేలి దగ్గర మొదలై, మెల్లగా పాకుతుంది. దురద ఎక్కువ. పని లేకుండా ఇంటిపట్టున ఉన్నా తగ్గదు. చిక్కేమిటంటే, నాని పాడైన చర్మం మీద ఫంగస్ సులువుగా చేరుతుంది. ఉభాలైపోయి వారం దాటినా ఒక సందు మాత్రం మానకుండా ఉంటే, అది ఫంగస్ అనుకోండి. సందులో ఆకుపచ్చగా, ఘాటైన దుర్వాసనతో ఉంటే బాక్టీరియా కూడా చేరినట్టు, అప్పుడు చూపించుకోవాలి.

అనుమానం తీర్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఖరీదైనదేమీ కాదు. సందు అంచున ఉన్న పొలుసును మొండి బ్లేడుతో మెల్లగా గీకి గాజుపలక మీద వేస్తాం. నొప్పి ఉండదు. దాని మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి కాసేపు ఆగితే చర్మం పొలుసు కరిగిపోతుంది, ఫంగస్ మాత్రం కరగదు. సూక్ష్మదర్శినిలో పెడితే సన్నగా, మెరుస్తూ, అక్కడక్కడా అడ్డుగీతలతో కొమ్మలు చీలిన పోగులు కనిపిస్తాయి. చూడాలనుకున్నవాళ్లకు నేను చూపిస్తాను. ఒకసారి తన కాలిలోంచి తీసినదాన్ని కళ్లారా చూసినవాళ్లు మందు మధ్యలో మానరు.

గోరింటాకు సంగతి. పచ్చి ఆకు నూరి పెడితే తడి చర్మం గట్టిపడుతుంది, చెమ్మ లాగేస్తుంది. అందుకే నాట్ల కాలంలో మన ఆడవాళ్లు పెట్టుకుంటారు, అందులో అర్థముంది. ఆకులోని రంగు పదార్థానికి ఫంగస్‌ను కొంత అణిచే గుణం ఉందని ప్రయోగశాలల్లో చూశారు. కానీ ముదిరిన ఫంగస్‌ను పోగొట్టేంత బలం దానికి లేదు. పగుళ్లు, పుండ్లు లేనప్పుడు పెట్టుకోండి. ఇంటి చెట్టు ఆకే వాడండి. బజారులో తొందరగా నల్లగా పండుతుందని అమ్మే కోన్లలో జుట్టు రంగులో వాడే రసాయనం కలుపుతారు, దానివల్ల కొందరికి బొబ్బలొస్తాయి. కిరసనాయిలు, బ్లీచింగు, సున్నం చర్మాన్ని కాల్చేస్తాయి. ఫంగస్ పుండుకు తోడు కాలిన పుండు వస్తుంది.

మడిలోకి దిగేముందు పొడి కాళ్లకు, వేళ్ల సందులకు వాజిలిన్ గానీ ఆముదం గానీ పలచగా రాసుకోండి. నీళ్లు తొందరగా లోపలికి దిగవు. మధ్యాహ్నం గట్టెక్కినప్పుడు కాళ్లు కడిగి, చీర చెంగుతో కాకుండా వేరే పొడిగుడ్డతో ప్రతి సందూ అద్దండి, భోజనం అయ్యేదాకా కాళ్లు ఆరనివ్వండి. సాయంత్రం సబ్బుతో కడిగి మళ్లీ ఆరబెట్టండి. రాత్రిపూట సందుల్లో నూనె వద్దు, అప్పుడు కావలసింది గాలి. రసి కారుతుంటే పొటాషియం పర్మాంగనేట్ పలుకులు ఒకటి రెండు బేసిను నీళ్లలో కరిగించి, లేత గులాబీరంగు వచ్చాక పది నిమిషాలు కాళ్లు ఉంచండి. రంగు ముదిరితే నీళ్లు కలపండి. పలుకు కరగకుండా చర్మానికి తగిలితే కాలుస్తుంది.

ప్రశ్న: మా అమ్మకు చాలా ఏళ్లుగా కుడికాలు బోదకాలు. ఏడాదిలో చాలాసార్లు చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రగా మండిపోతుంది. నాలుగైదు రోజులు మంచం మీదే. జ్వరం వచ్చి తగ్గిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావవుతోంది. ఫైలేరియా మాత్రలు ఎన్నిసార్లు మింగినా జ్వరాలు ఆగడం లేదు. చర్మం డాక్టరుగారు దీనికేమైనా చెప్పగలరా? – ఒక పాఠకురాలు, బరంపురం

చెప్పగలను తల్లీ. ఈ నెల ఉత్తరాలన్నిటిలో నేను మొదట విప్పి పెట్టుకున్నది మీదే.

అమ్మగారి కుడికాలి వేళ్లను ఒక్కొక్కటీ విడదీసి, మంచి వెలుతురులో చూడండి. నూటికి నూరుపాళ్లు చెప్పలేను కానీ, ఏదో ఒక సందులో తెల్లగా నానిన చర్మమో, సన్నటి చీలికో కనబడే అవకాశం చాలా ఎక్కువ. కాలు బరువుకు వేళ్లు దగ్గరికి నొక్కుకుపోతాయి, మడతల్లో గాలి ఆడదు, వంగి కడుక్కోవడం కష్టం. ఫంగస్‌కు ఇంకేం కావాలి? దురద అంతగా ఉండదు కాబట్టి ఆమె చెప్పి ఉండరు.

మన గంజాం, శ్రీకాకుళం తీరంలో బోదకాలు పాత జబ్బు. క్యూలెక్స్ దోమ ద్వారా వచ్చిన సన్నటి పురుగులు ఒంట్లోని లింఫు నాళాల్లో ఏళ్ల తరబడి ఉండి వాటిని పాడుచేస్తాయి. లింఫు నాళాలు ఒంట్లో నీరును తోడేవి, చర్మంలో చేరిన క్రిములను పట్టుకునేవి. అవి పాడయ్యాక కాలికి కాపలా ఉండదు. మామూలు కాలిలో వేలిసందు చీలికలోంచి బాక్టీరియా దూరితే చాలావరకు అక్కడే చచ్చిపోతుంది. ఈ కాలిలో అలా జరగదు. బాక్టీరియా లోపలికి వెళ్లి చర్మమంతా పాకుతుంది. చలి, జ్వరం, బిళ్ల, ఎరుపు అన్నీ దానివల్లే. అలా జ్వరం వచ్చిన ప్రతిసారీ మరికొన్ని నాళాలు చెడతాయి, కాలు మరికాస్త పెరుగుతుంది. మీరు గమనించినది అక్షరాలా నిజం.

ఫైలేరియా మాత్రలు పురుగు మీద పనిచేస్తాయి. ఇంటింటికీ వచ్చి ఇచ్చినప్పుడు తప్పకుండా వేసుకోవాలి, అది ఊరి కోసం. కానీ ఈ జ్వరాలు ఇప్పుడు పురుగు తెస్తున్నవి కావు, వేలిసందు తలుపు తెరుచుకుని ఉండడం వల్ల వస్తున్నవి. ఆ తలుపు మూస్తే జ్వరాలు తగ్గుతాయి. నేను చూసిన బోదకాలు రోగుల్లో కాలు కడుక్కోవడం, క్రీము పూసుకోవడం అలవాటు చేసుకున్నవాళ్లకు జ్వరాలు బాగా పలచబడ్డాయి.

రోజూ ఇలా చెయ్యండి. అమ్మగారిని స్టూలు మీద కూర్చోబెట్టి, కాలు టబ్బులో ఉంచి, మామూలు నీళ్లు, మామూలు ఒంటిసబ్బుతో పైనుంచి కింది దాకా కడగండి. వేడినీళ్లు వద్దు, బ్రష్షు వద్దు, అరచేత్తో మెల్లగా. ప్రతి మడత, ప్రతి సందు. సబ్బు నురగ పూర్తిగా పోయేదాకా నీళ్లు పొయ్యండి. తర్వాత మెత్తటి తువ్వాలుతో అద్దండి, రుద్దకండి. సందుల్లోకి తువ్వాలు దూరకపోతే పాత నూలుగుడ్డ పీలికను వేళ్ల మధ్య మెల్లగా దూర్చి తడి పీల్చనివ్వండి. తడి గుడ్డ తీసి పారేసి పొడి గుడ్డ దూర్చండి, గుడ్డ పొడిగానే బయటికొచ్చేదాకా. అప్పుడు క్లోట్రిమజోల్ లేదా మైకొనజోల్ క్రీము పలచగా. ఇలా రెండు పూటలా, కనీసం నాలుగు వారాలు. మానాక కూడా కడిగి ఆరబెట్టే పని ఆపకండి, అది జీవితకాలం. పొడిబారిన పైకాలికి కొబ్బరినూనె రాయవచ్చు, వేళ్ల సందుల్లో మాత్రం రాయకూడదు.

కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టించండి, పడుకున్నప్పుడు కాలి కింద దిండు. మడమ ఎత్తి దించే కసరత్తు రోజులో కొన్నిసార్లు. గాలి ఆడే వెడల్పాటి చెప్పులు. బోదకాలు రోగులకు ఆరోగ్య శాఖ టబ్బు, మగ్గు, సబ్బు, తువ్వాలు, ఫంగస్ క్రీము ఉన్న కిట్టు ఇస్తుంది. మీ వాడలో ఆశా కార్యకర్తను అడగండి, అడగనివాళ్లకు అందడం లేదు.

మళ్లీ చలిజ్వరం వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, యాంటీబయాటిక్ అవసరం. ఈ జ్వరానికి అదే సరైన మందు. జ్వరానికి పారాసిటమాల్, కాలికి చన్నీళ్ల గుడ్డ. కట్టు బిగించడం, కాలు పిసకడం, కాపడం పెట్టడం, వ్యాయామం అన్నీ జ్వరం తగ్గేదాకా ఆపాలి.

వేళ్ల సందులు చూసి, ఏం కనబడిందో నాకు మళ్లీ రాయండి.

ప్రశ్న: నాకు పదేళ్లుగా షుగరు. కాలి బొటనవేలి గోరు పసుపురంగుకు తిరిగి, మందమై, కిందంతా పిండిలా రాలుతోంది. నొప్పి లేదు. వదిలేయవచ్చా? – ఒక పాఠకుడు, జయపురం

షుగరు లేకపోతే "మీ ఇష్టం" అనేదాన్ని. మీరు వదిలేయకూడదు. గోటి ఫంగస్ అలాగే ఉంటే సందులకు మళ్లీ మళ్లీ వస్తుంది. షుగరున్న కాలిలో చిన్న చీలిక కూడా పెద్ద పుండు కావచ్చు. కాలికి స్పర్శ తగ్గి ఉండవచ్చు కాబట్టి నొప్పి లేదన్న ధైర్యం మీకు పనికిరాదు. పూతమందు గోటి లోపలికి అంతగా దిగదు. ముందు గోటి ముక్క పరీక్ష చేయించండి, మందమైన గోళ్లన్నీ ఫంగస్ కావు. ఫంగస్సే అని తేలితే టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి 12 వారాలు ఇస్తాం, ముందుగా లివరు పరీక్ష చేసి. మందు 12 వారాలకే ఆపినా, కొత్త గోరు పూర్తిగా రావడానికి ఏడాది పైన పడుతుంది, తగ్గలేదని కంగారుపడకండి. గోటిని సొంతంగా బ్లేడుతో చెక్కకండి. కాళ్లు వేడినీళ్లలో పెట్టకండి, వేడి తెలియక కాల్చుకుంటారు. రోజూ అరికాళ్లు అద్దంలో చూసుకోండి.

ప్రశ్న: మా ఆరేళ్ల బాబుకు బొటనవేళ్ల కింద అరికాలు నున్నగా మెరుస్తూ, పగుళ్లు. ఫంగస్ క్రీము నెలరోజులు పూశాం, తగ్గలేదు. – పర్లాకిమిడి

చిన్నపిల్లల్లో కాలి ఫంగస్ తక్కువ. వేళ్ల సందులు బాగానే ఉండి, ముందు పాదం మాత్రమే మెరుస్తూ పగిలితే, అది బూట్లలో చెమట తడిసి ఆరడం వల్ల వచ్చే చర్మం పొడిబారే జబ్బు. ఆ క్రీము ఆపండి. బడి నుంచి రాగానే బూట్లు, సాక్సు విప్పి కాళ్లు తుడిచి వాజిలిన్ రాయండి. రాత్రి ఇంకోసారి. ఒకసారి తీసుకురండి, చూసి చెబుతాను.

ప్రశ్న: దురద పూర్తిగా పోయింది, చర్మం మామూలైంది. క్రీము ఇంకా పూయాలా? పాత బూట్లు పారేయాలా? – ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

పూయాలి. దురద మొదటి వారంలోనే పోతుంది, ఫంగస్ ఇంకా పైపొరలో ఉంటుంది. మందు పెట్టె మీదో చీటీ మీదో ఉన్న కాలం పూర్తి చెయ్యండి. ఆ తర్వాత సందులో పొలుసు, తెలుపు, చీలిక ఏవీ లేవని వెలుతురులో చూసుకున్నాకే ఆపండి. బూట్లు పారేయక్కరలేదు. అట్టలు మార్చి, ఫంగస్ పౌడరు చల్లి, వరసగా కొన్ని ఎండలు చూపించండి. ముఖానికి వాడే మామూలు పౌడరు మాత్రం దీనికి పనికిరాదు. రోజంతా వేసుకునేవి ప్లాస్టిక్ బూట్లయితే, వాటికి బదులు ఈ వానాకాలం వెళ్లేదాకా వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి.